పదికి పదకొండు ముప్పావు

సెలవురోజు పొద్దున్న ఎనిమిది గంటలకు పాచికలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటిలోగా మార్కులు వేసే పద్ధతి ఒకటి తయారుచెయ్యాలి. పన్నెండింటిలోగా మూడు ఆటలను ఆ పద్ధతిలో తూచాలి. ఒంటిగంటకు భోంచేసి, రెండింటికి వ్యాసం పంపించేసి, రెండున్నరకు నిద్రపోవాలి. ఇందులో ఆయన అన్నిటికంటే శ్రద్ధగా ఆలోచించి పెట్టుకున్నది ఆఖరిదే.

పాచికలాయన అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆయన ఉద్యోగం లైబ్రరీలో. రోజంతా పుస్తకాల వీపుల మీద నంబర్లు అంటిస్తాడు. అది కాక, పదకొండేళ్ళుగా ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో 'పావులూ పాచికలూ' అనే శీర్షిక రాస్తున్నాడు. కొత్తగా వచ్చిన బోర్డు గేములు తెచ్చుకుని, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఆడించి, అవి ఎలా ఉన్నాయో పాఠకులకు చెప్పడం ఆ శీర్షిక పని. చెప్పడం అంటే, చెప్పినట్టు కనిపించడం. మనిషికి మొహమాటం ఎక్కువ. ఆట తయారుచేసినవాణ్ణి ఎప్పుడూ చూసి ఉండకపోయినా, వాడి మొహం చిన్నబోవడం మాత్రం ఈయనకు కళ్ళకు కట్టినట్టు కనిపించేది. అందుచేత పదకొండేళ్ళలో ఏ ఒక్క ఆటనూ బాగాలేదనలేదు. మరీ భరించలేనిదైతే "ఆసక్తికరంగా ఉంది" అని రాసేవాడు. ఆయన భార్యకు ఈ భాష తెలుసు. ఒక ఆటకు ఆ మాట పడిందంటే ఆవిడ మారుమాట్లాడకుండా ఆ పెట్టెను అటక ఎక్కించేది.

అనుబంధానికి కొత్తగా వచ్చిన ఎడిటరమ్మకు మాత్రం ఈ భాష రాదు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసింది.

"సార్, పోయిన వారం మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఇంతకీ ఆ ఆట కొనాలా, వద్దా?"

"కొనొచ్చమ్మా. అంటే... కొనకపోయినా..."

"అదే సార్ నేననేది. ఈసారి పదికి ఎన్నో అంకె వేసి ఇవ్వండి. రేపు సాయంత్రం ఐదింటికల్లా నా దగ్గరుండాలి. లేదంటే ఆ జాగాలో పదవినోదం వేసేస్తాను. అది రెడీగా ఉంది."

వారం పొడుగునా ఎవరెవరో రాసిన పుస్తకాల మధ్య తిరిగే మనిషికి, ఆదివారం పొద్దున్న తాను రాసింది అచ్చులో చూసుకోవడం ఒక్కటే సొంతమని చెప్పుకోదగ్గ సంతోషం. అన్నేళ్ళ కత్తిరింపులన్నీ ఒక అట్టపెట్టెలో దాచుకుని, ఆ పెట్టెను హాల్లో బీరువా పక్కన పెట్టుకున్నాడు. ఆ శీర్షిక పోయి, దాని చోట అడ్డం, నిలువు గళ్ళు వస్తాయా? ఊళ్ళో పుస్తకాలన్నిటికీ నంబర్లేసే వాడు ఒక్క ఆటకు నంబరెయ్యలేకపోయాడని జనం నవ్వరూ?

బాగా ఆలోచించగా ఆయనకొక ఉపాయం తట్టింది. అంకె తాను వేస్తే కదా మొహమాటం! లెక్క చేత వేయిస్తే సరి. ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుంటే "నాదేం లేదండీ, లెక్క అలా వచ్చింది" అనొచ్చు. ఇంత చిన్న సంగతి పదకొండేళ్ళుగా ఎందుకు తట్టలేదా అని తనను తానే తిట్టుకున్నాడు.

తొమ్మిదికల్లా పద్ధతి కాగితం మీదికి వచ్చింది. ప్రతి ఆటకూ మొదట ఐదు మార్కులు. ఆడేవాళ్ళలో ఎవరు నవ్వినా, నవ్వుకు పావు మార్కు కలుస్తుంది. ఎవరైనా తమంతట తాముగా "మళ్ళీ ఆడదాం" అంటే ఒక మార్కు. ఆట దగ్గరికి బయటివాళ్ళు వచ్చి నిలబడి చూస్తే మనిషికొక మార్కు. ఆట మధ్యలో కుర్చీలోంచి లేస్తే అర మార్కు కోత. ఫోన్ ముట్టుకుంటే మరో అర మార్కు కోత.

భార్య దాన్ని ఎగాదిగా చూసింది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. "బానే ఉంది. గోడకి అంటించండి," అంది.

"గోడకెందుకు? నేను ఎవరికీ తెలీకుండా లెక్కపెట్టుకుందామని..."

"ప్రశ్నకెన్ని మార్కులో చెప్పకుండా పరీక్ష పెడతారా? మా స్కూల్లో అలా చేస్తే తల్లిదండ్రులు గేటు దగ్గర కూర్చుంటారు. అంటించండి. మార్కులు నేనేస్తాను, మీ చేతికి ఎర్ర పెన్ను ఇస్తే సున్నా కూడా గుండ్రంగా రాదు."

పాచికలాయన అంటించాడు. ఆ రోజు ఆయన చేసిన తప్పు అదొక్కటే. మిగతావన్నీ దాని పిల్లలు.

మొదటి ఆట దీవులు పంచుకునేది. ఆయన, భార్య, అత్తగారు ముగ్గురూ కూర్చున్నారు. అత్తగారు ఈ ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడకు దీవులు నచ్చలేదు. మందు వేసుకోవడానికి ఒకసారి, కిటికీ వెయ్యడానికి ఒకసారి, వేసిన కిటికీ తియ్యడానికి ఒకసారి, ఇలా ఆరుసార్లు లేచింది. భార్య నాలుగుసార్లు లేచింది. తలా ఒకసారి ఫోన్ చూసుకున్నారు. ఆట మొత్తానికి ఇద్దరు నవ్వారు, అదీ ఒక దీవి కిందపడిపోయి దొరకనప్పుడు. భార్య కూడికలూ తీసివేతలూ వేసి, కింద రెండు గీతలు కొట్టింది.

"పదికి మైనస్ ఒకటి."

"నాదేం లేదు, లెక్క అలా వచ్చింది," అన్నాడు పాచికలాయన. ఆ మాట అంటుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! ఇంకోసారి కూడా అన్నాడు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. "అల్లుడుగారూ, నేను లేచినందుకే మూడు మార్కులు పోయాయా?"

"అవునండీ."

"కూర్చుంటే పోవన్నమాట."

"పోవండీ."

ఆవిడ కాగితం రెండోసారి కూడా చదివి, ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. పాచికలాయనకు అప్పుడే అనుమానం రావలసింది. కానీ ఆయన తన పద్ధతిని చూసి తానే మురిసిపోతూ ఉన్నాడు.

దీవులు తేలేసరికే భోజనాల వేళైంది, మిగతా రెండు ఆటల పెట్టెలూ విప్పనే లేదు. భోజనాలయ్యాక, సరిగ్గా రెండింటికి బావమరిది వచ్చాడు. ఒక భుజానికి పానాల సంచి, రెండో చంకలో పెద్ద అట్టపెట్టె. ఆ పెట్టెను చూడగానే పాచికలాయన నిద్ర ఎగిరిపోయింది.

బావమరిది ప్లంబరు. అలాంటిలాంటి ప్లంబరు కాదు, గోడకు చెవి ఆనించి లోపల ఏ పైపు మూలుగుతోందో చెప్పగలవాడు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరింట్లో కుళాయి ఊడినా ముందు వీడి పేరే తలుచుకుంటారు. అలాంటివాడికి రెండేళ్ళ కిందట, ప్లంబింగు మీద ఒక బోర్డు గేము తయారుచేద్దామనే బుద్ధి పుట్టింది. చేశాడు. పేరు 'జలధార'. అట్టతో కత్తిరించిన పైపు ముక్కలు రెండు వందల పన్నెండు, నిబంధనల పుస్తకం ముప్పై నాలుగు పేజీలు. ఆర్నెల్లుగా దాని మీద రాయమని అడుగుతున్నాడు, ఆర్నెల్లుగా పాచికలాయన జలుబనీ, లైబ్రరీలో లెక్కింపనీ తప్పించుకు తిరుగుతున్నాడు.

"అమ్మ ఫోన్ చేసింది బావా. ఇవాళ మార్కులు వేస్తున్నారటగా," అన్నాడు బావమరిది పెట్టె కింద పెడుతూ. "మీ మార్కు చూసుకుని రేపు ప్రెస్సువాడికి చెప్పేస్తాను, వెయ్యి పెట్టెలు వేయమని. ఇక ఈ పానాల పని మానేస్తున్నా. సంచి మా పార్టనరుకి ఇచ్చేస్తానని మాట కూడా ఇచ్చేశాను."

"మానేస్తావా?"

"మరి? బాగుందని అందరూ అంటున్నారు కదా."

పాచికలాయన పెట్టె మూత తీసి మళ్ళీ వేశాడు. భార్య మాత్రం తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని వంటింటివైపు లాగింది. "ఒరేయ్, ముందు ఆ సింకు కింద చూడరా. వారంనుంచి కారుతోంది. అరగంటకోసారి గిన్నె మార్చలేక చస్తున్నాను."

వాడి కాళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. అత్తగారు వెళ్ళనివ్వలేదు. "ముందు ఆట. నీళ్ళ సంగతి తర్వాత. కూర్చోండి అందరూ. ఎవరికేం పనులున్నా ఇప్పుడే చూసుకు రండి. మళ్ళీ లేవడానికి లేదు."

ఆట మొదలైంది. మొదలైన పావుగంటకే పాచికలాయనకు విషయం అర్థమైంది. ఆటలో ఒక పైపును ఇంకో పైపుకు కలపాలంటే వాషరు కావాలి. వాషరు కావాలంటే 'షాపు' గడిలో రెండు వంతులు ఊరికే కూర్చోవాలి. కూర్చున్నాక, సరైన సైజు లేదని షాపువాడు వెనక్కి పంపొచ్చు.

"నిజంగా కూడా అలాగే తిప్పించుకుంటాడు బావా," అని వివరించాడు బావమరిది. "ఆ ఇది కూడా ఉండాలి కదా అని పెట్టాను."

"హహ్హహ్హ!" అంది అత్తగారు.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆవిడ మొహంలో నవ్వు జాడ కూడా లేదు. ఎక్స్ఛేంజిలో "లైన్లు బిజీగా ఉన్నవి" అని చెప్పే గొంతుతోనే నవ్వింది. "నవ్వాను. పావు మార్కు రాయి," అంది కూతురితో.

భార్య మొగుడివైపు చూసింది. అది నవ్వు కాదని చెప్పవలసినవాడు ఆయనే. అత్తగారి నవ్వు దొంగనవ్వని అల్లుడు ఏ నోటితో చెబుతాడు? "రాయి," అన్నాడు, బల్లకేసి చూస్తూ. తర్వాత ఆవిడ ప్రతి వంతుకూ ఒకటి చొప్పున నవ్వుతూ పోయింది. మధ్యలో ఒకసారి, ఆట ఇంకా సగం కూడా కాకుండానే, "మళ్ళీ ఆడదాం," అని కూడా అనేసింది. భార్య పళ్ళు బిగించి ఒక మార్కు వేసింది.

మూడింటికి వంటింట్లోంచి చిన్న చప్పుడైంది. సింకు కింద గిన్నె నిండి పొర్లుతోంది. భార్య లేవబోయింది.

"అర మార్కు," అంది అత్తగారు.

"అమ్మా, గిన్నె..."

"ఆ దీవుల ఆటకి నాలుగుసార్లు లేచావు. సొంత తమ్ముడి ఆటకీ లేస్తావా?"

భార్య కూర్చుంది. కాసేపటికి 'ఫట్' మని ఇంకో చప్పుడు, దాని వెనక ఎడతెరిపి లేని హోరు. ఆ తర్వాత వంటింటి గడప దాటి నీళ్ళు హాల్లోకి వచ్చాయి. వచ్చి, కుర్చీ కాళ్ళ మధ్య నుంచి తీరిగ్గా పరుచుకున్నాయి. వీధి గుమ్మానికి గడప ఎత్తు కనక అక్కడ ఆగి, వెనక్కి తిరిగాయి. నలుగురూ పాదాలు కొంచెం పైకెత్తి పెట్టుకున్నారు. "నీ వంతు నాన్నా," అంది అత్తగారు కొడుకుతో.

నాలుగు దాటాక బల్ల మీద పాచికలాయన ఫోన్ మోగింది. ఎడిటరమ్మ. ఆయన చెయ్యి చాచాడు. అత్తగారు చాచిన చెయ్యిని చూసింది. ఆయన ఆ చేత్తోనే ఒక వాషరు తీసుకున్నాడు. మూడుసార్లు మోగి, ఫోన్ ఊరుకుంది. ఆ వెంటనే ఒక మెసేజి వచ్చింది. ముట్టుకోకుండా, మెడ సాచి, వంకరగా చదివాడు: "సార్, ఐదు దాటితే పదవినోదమే."

ఇంతలో తలుపు దబదబ బాదిన చప్పుడు. కాలింగ్ బెల్ కూడా రెండుసార్లు మోగింది. తియ్యడానికి ఎవరూ లేవలేదు. గొళ్ళెం పెట్టి లేదు కనక తలుపు దానంతటదే తెరుచుకుంది. కింది వాటాలో కుట్టుపని చేసుకునే టైలరు, మెళ్ళో టేపుతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వెనక ఒకే చెయ్యి ఉన్న కోటు తొడుక్కుని ఒక కస్టమరు. రెండో చెయ్యి ఇంకా టైలరు చేతిలోనే ఉంది, తడిసి నీళ్ళు కారుతోంది.

"ఏమండీ, మా సీలింగులోంచి..." అని మొదలుపెట్టిన టైలరు, హాల్లో నీళ్ళూ, ఆ నీళ్ళలో కాళ్ళెత్తుకుని కూర్చున్న నలుగురినీ, వాళ్ళ చేతుల్లో అట్ట పైపులనూ చూసి నోరు తెరిచి నిలబడిపోయాడు. కస్టమరు కూడా నిలబడిపోయాడు.

"బయటివాళ్ళు. ఇద్దరు. నిలబడి చూస్తున్నారు," అంది అత్తగారు. "రెండు మార్కులు."

భార్య ఎర్ర పెన్నుతో మొత్తం వేసింది. మళ్ళీ ఒకసారి కూడి చూసుకుంది. "ఐదు. పదిహేను నవ్వులకి మూడు ముప్పావు. మళ్ళీ ఆడదామన్నందుకు ఒకటి. వీళ్ళిద్దరికీ రెండు. కోతలు లేవు." ఆవిడ పెన్నుకు మూత పెట్టేసింది. "పదికి పదకొండు ముప్పావు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి పేపరు నేను దిద్దలేదు."

అత్తగారి మొహం వెలిగిపోయింది. పాచికలాయన మాత్రం జరగబోయేది లెక్కేసుకున్నాడు. ఆ అంకె అచ్చయితే శీర్షిక నవ్వులపాలవుతుంది. అచ్చవకపోతే శీర్షికే ఉండదు. ఏదైతేనేం అనుకుందామంటే, రేపు వీడు వెయ్యి పెట్టెలకు ఆర్డరిచ్చి సంచి ఎవరికో అప్పజెప్పేస్తాడు. సరిగ్గా అప్పుడే బీరువా పక్కనుంచి ఆయన కత్తిరింపుల పెట్టె మెల్లిగా కదిలి, నీళ్ళ మీద తేలుతూ బల్లవైపు వచ్చింది. పదకొండేళ్ళ 'ఆసక్తికరంగా ఉంది' లన్నీ ఆయన కాలికి తగిలి ఆగాయి. వంగి అందుకోబోయాడు.

"అల్లుడుగారూ! అర మార్కు!"

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. కూర్చుని, తల తిప్పుకుంటే, ఎదురుగా బావమరిది కనిపించాడు. వాడు బోర్డు చూడటం లేదు. తల కాస్త పక్కకి వంచి, వంటింటి హోరు వింటున్నాడు. "కనెక్షను పైపు... నట్టు కాడికి ఊడింది... వాల్వు కట్టేసి కొత్తది బిగిస్తే నాలుగు నిమిషాలు," అని తనలో తాను గొణుక్కుంటున్నాడు. చేతిలో ఉన్న అట్ట పైపును వేళ్ళు తెలియకుండానే తిప్పి తిప్పి బిగిస్తున్నాయి. రెండున్నర గంటల ఆటలో వాడి కళ్ళలో వెలుగు కనిపించింది అదే మొదటిసారి. రెండేళ్ళుగా ఆ వెలుగు చూడలేదని పాచికలాయనకు అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, జాలేసింది. జాలి పడ్డ చోట మొహమాటం కొంచెం జరిగి చోటిచ్చింది.

ఆయన లేచి నిలబడ్డాడు. నీళ్ళు చీలమండకు కొంచెం కిందుగా ఉన్నాయి.

"నీ ఆట బాగాలేదురా," అన్నాడు.

ఆయనకే తన గొంతు కొత్తగా వినిపించింది. అత్తగారు పాచిక వదిలేసింది. గుమ్మంలో కస్టమరు ఒక చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు.

"అస్సలు బాగాలేదు. వాషరు కోసం రెండు వంతులు కూర్చోవడం ఎవడికి కావాలి? నువ్వు నిజంగా ఒక పైపు బిగిస్తుంటే నేను గంటసేపు నిలబడి చూస్తాను, ఈ అట్ట పైపుల్ని పావుగంట చూడలేకపోయాను. ఆ సంచి ఎవరికీ ఇవ్వకు. లే, వెళ్ళి నీళ్ళు కట్టెయ్!"

"అమ్మయ్య!" అన్నాడు బావమరిది.

అన్నవాడు అన్నట్టే సంచి లాక్కుని, నీళ్ళు నాలుగు వైపులా చిందేలా వంటింట్లోకి పరిగెత్తాడు. కాసేపు లోపల పానాల చప్పుడు, ఆ తర్వాత హోరు ఆగింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. మోకాళ్ళ దాకా తడిసి, తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. మొహం కడిగిన ముత్యంలా ఉంది.

"ఆర్నెల్లుగా ఈ మాట కోసమే మీ చుట్టూ తిరుగుతున్నాను బావా. నాకు తెలీదా అది బాగాలేదని? కానీ ఎవర్నడిగినా బాగుంది, బాగుంది అని నన్ను ప్రెస్సు దాకా తోసుకొచ్చారు. మీరూ బాగుందంటే ఇంక తప్పదు, వెయ్యి పెట్టెలూ వేయించాల్సిందే అని భయపడి చచ్చాను."

"మరి నువ్వే ఆపెయ్యొచ్చుగా?"

"అందరూ అంత బాగుందంటుంటే బాగాలేదని ఎలా చెప్పను? మొహమాటం కదా."

పాచికలాయన భయం భయంగా అత్తగారివైపు తిరిగాడు. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని, అబ్బా అంటూ లేచింది. "ఎక్స్ఛేంజిలో కూడా గంటకోసారి లేవనిచ్చేవాళ్ళు. నడుం పట్టేసింది. నాకూ నచ్చలేదురా నాన్నా, కన్నతల్లిని కదా అని నవ్వాను," అని మందు కోసం వెళ్ళిపోయింది. టైలరు మాత్రం కదల్లేదు. "అయిపోయిందా? ఇంకా ఉందా?" అన్నాడు. తడిసిన కోటు చెయ్యి ఆరబెట్టించి, ఇస్త్రీ కూడా చేయించే పూచీ బావమరిది తన మీద వేసుకున్నాక గానీ వెళ్ళలేదు.

గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. పాచికలాయన కుర్చీ మీద గొంతుకూర్చుని రాయడం మొదలుపెట్టాడు. గోడ మీది కాగితాన్ని చించి అవతల పారేశాడు. ఆటకు అంకె వెయ్యక్కర్లేదని ఆయనకు ఇప్పుడు బాగా తెలిసింది. ఒక్కటే ప్రశ్న చాలు: ఆడుతుండగా ఇంట్లోకి నీళ్ళొస్తే, ఎంతవరకు వచ్చేదాకా లేవకుండా కూర్చుంటారు? గడప దాటగానే లేచిపోతే అది పనికిరాని ఆట. పాదం, చీలమండ, మోకాలు, నడుము, ఇలా మట్టం పెరిగేకొద్దీ మంచి ఆట. మెడ దాకా కూర్చోబెట్టే ఆట ఆయనకింకా తగల్లేదు. దీవుల ఆటకు 'గడప' అని తడుముకోకుండా రాశాడు. జలధారకు ఒక్క క్షణం ఆగాడు. అందరూ దాదాపు చీలమండ దాకా కూర్చున్న మాట నిజం. న్యాయంగా ఆలోచించి, "చుట్టరికం మినహాయిస్తే, గడప," అని రాసి పంపేశాడు.

ఐదుకు రెండు నిమిషాలు ఉందనగా ఎడిటరమ్మ ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేకపోతోంది. "సార్, పదవినోదం తీసేశాను. ప్రతివారం ఈ మట్టం వెయ్యాల్సిందే. పక్కన బొమ్మ కూడా వేయిస్తాను, నీళ్ళలో కుర్చీ. ఇన్నాళ్ళూ ఇలా ఎందుకు రాయలేదు సార్?"

"ఇంట్లో పైపు ఇవాళే ఊడిందమ్మా," అన్నాడు పాచికలాయన.

నీళ్ళు ఎత్తిపోసి, నేల తుడిచి, కత్తిరింపులు తాడు మీద ఆరేసేసరికి చీకటి పడింది. బావమరిది సంచి భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళాడు. భార్య ఆ తడి వంటింట్లోనే, దొరికిందేదో తరిగి, తోచినంత ఉప్పూ కారం వేసి కూర చేసింది. పళ్ళెం మొగుడి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆవిడ మొహంలో, ఆ రోజు లేచి నిలబడిన మనిషి మీద కొత్తగా పుట్టిన గౌరవం ఉంది.

"ఇవాళ నుంచి మీరు ఉన్నదున్నట్టు చెబుతారుగా. చెప్పండి, కూర ఎలా ఉంది?"

పాచికలాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. నేలవైపు చూశాడు. అక్కడ ఎంత వెతికినా నీళ్ళు లేవు.

"ఆసక్తికరంగా ఉంది," అన్నాడు.